పార్కులో పాడొచ్చు, పడుకోకూడదు

నవంబరు నెల, ఆదివారం. బోస్టన్‌లో పార్క్ స్ట్రీట్ సబ్‌వే స్టేషన్ మెట్లెక్కి పైకొస్తే బ్రూవర్ ఫౌంటెన్, దాని చుట్టూ బోస్టన్ కామన్ అనే పెద్ద పార్కు. ఇల్లులేనివాళ్లతో కలిసి ప్రతి ఆదివారం అక్కడ ఆరుబయట జరిగే ఆరాధనకు మా సంఘం నుంచి ఎనిమిది మందిమి వెళ్లాం. అందరం తెలుగువాళ్లమే. ముందు రోజు రాత్రి మా వంటింట్లో వరసగా నిలబడి చేసిన శాండ్‌విచ్‌లు రెండు కూలర్లలో ఉన్నాయి. 12 గంటలకల్లా మడతబల్ల వేసి, చేతులకు గ్లౌజులు తొడుక్కుని పంచడం మొదలుపెట్టాం.

"టర్కీనా, చీజా?" అని అడగడం నా పని. ఎర్ర ఉన్ని టోపీ పెట్టుకుని, ఒకదాని మీద ఒకటి రెండు కోట్లు వేసుకున్న ఒకాయన వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. "మస్టర్డ్ ఉందా?" అన్నాడు. లేదన్నాను. "వచ్చేసారి తీసుకురండి" అన్నాడు, హోటల్లో సర్వరుకు చెప్పినట్టు. నాకు చిరాకేసింది. ఊరికే పెడుతుంటే వంకలా అనిపించింది. ఆ మాట ముందే ఒప్పేసుకోవడం నయం. ఎందుకంటే నేనిక్కడ విప్పబోతున్న చిక్కుముడి ఆ చిరాకులోనే ఉంది.

ఒంటిగంటకు ఆరాధన మొదలైంది. చక్రాల బండి మీద తెల్లబట్ట పరిచి, దాని మీద రొట్టె, గిన్నె, చెక్క సిలువ పెట్టారు. అదే బలిపీఠం. జనం చుట్టూ వలయంగా నిలబడ్డారు. కొందరు బెంచీల మీద, ఒకరు తన సామాను బండి మీదే కూర్చున్నారు. మేం మాత్రం దుకాణం వదిలి రాలేనివాళ్లలా మడతబల్ల వెనకే ఉండిపోయాం. ఒకావిడ వచ్చి చెయ్యి ఊపి పిలిస్తే గానీ కదల్లేదు.

సువార్త పాఠం తలాంతుల ఉపమానం. యజమాని ఇచ్చిన డబ్బును ఇద్దరు దాసులు వ్యాపారంలో పెట్టి పెంచుతారు, మూడోవాడు భయపడి భూమిలో పాతిపెడతాడు. వాడే చెడ్డదాసుడు. చిన్నప్పటి నుంచి లెక్కలేనన్నిసార్లు విన్నాను. ఇక్కడ పాఠం చదివాక పాస్టరు రెండు ముక్కలు చెప్పి, మీకేమనిపిస్తోందని అందరినీ అడుగుతుంది. ఓ కుర్రాడు అందుకున్నాడు: "పాతిపెట్టినవాడే తెలివైనవాడు. రాత్రి ఒంటిమీద డబ్బు పెట్టుకుని పడుకుంటే పొద్దున్నకి ఉంటుందా?" అందరూ నవ్వారు. ఇంకెవరో, "యజమాని ఎప్పుడొస్తాడో చెప్పకుండా పోయాడు, తప్పు ఆయనదే" అన్నారు. పాస్టరు ఎవరినీ సరిదిద్దలేదు. మా ఊరి చర్చిలో నలభై నిమిషాల ప్రసంగం చెయ్యలేని పని ఆ కుర్రాడి ఒక్క మాట చేసింది. ఆ కథలో నేనెప్పుడూ మొదటి ఇద్దరి పక్షానే ఉన్నానని నాకు అప్పుడే తెలిసింది.

తరువాత ప్రభు బల్ల, అంటే క్రీస్తు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. రొట్టె పళ్లెం పట్టుకుని నా ముందుకొచ్చింది ఎర్ర టోపీ ఆయనే. "క్రీస్తు శరీరం" అంటూ ఒక ముక్క తుంచి నా అరచేతిలో పెట్టాడు. ఆయన చేతులకు గ్లౌజులు లేవు. రెండు వేళ్లు సిగరెట్లకు పసుపెక్కి ఉన్నాయి. మా ఊళ్లో బల్లారాధనకు మనిషికో చిన్న గ్లాసు. ఇక్కడ అందరికీ ఒకటే గిన్నె, రొట్టె ముక్క అందులో ముంచుకుని తినాలి. నా చెయ్యి ఒక క్షణం ఆగింది. ఎంగిలి, మైల అనే మాటలు నాతోపాటు వీసా లేకుండానే అమెరికా వచ్చేశాయి. మా తాతల్ని ఆ మాటలతోనే బావి దగ్గరికి రానివ్వలేదని తెలిసి కూడా ఆగింది. తిన్నాననుకోండి. కానీ ఆ క్షణాన్ని ఆయన చూశాడనే అనుకుంటాను.

ఇంతకీ ఇది చర్చా, అన్నదానమా? మా వాట్సాప్ గుంపులో ఫొటోలు పెట్టగానే వచ్చిన ప్రశ్నలన్నీ దీని చుట్టూనే తిరిగాయి. చర్చి అయితే రోడ్డుకు అవతలే గుడి ఉండగా చలిలో ఎందుకు? అన్నదానమైతే మధ్యలో ప్రార్థన ఎందుకు? అన్నం పెట్టి మతం అంటగట్టడం కాదా? ఇవి మూడు వేరువేరు ప్రశ్నలు. కలిపేస్తే దేనికీ జవాబు దొరకదు.

ఈ ఆరాధన పేరు కామన్ కథీడ్రల్. డెబ్బీ లిటిల్ అనే ఆవిడ మొదలుపెట్టారు. 1990ల్లో వీపుకో సంచీ, అందులో శాండ్‌విచ్‌లు, సాక్సులు వేసుకుని బోస్టన్ వీధుల్లో తిరిగేవారు. 1996లో ఎపిస్కోపల్ చర్చిలో పాస్టరుగా అభిషేకం పొందాక, ప్రతి ఆదివారం కామన్‌లోనే ప్రభు బల్ల పెట్టడం మొదలైంది. ఎపిస్కోపల్ అంటే మన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో కలిసిపోయిన ఆంగ్లికన్లకు అమెరికా బంధువులు అనుకోండి. మా వైపు పాస్టరమ్మ అంటే పాస్టరు గారి భార్య. ఇక్కడ పాస్టరమ్మే పాస్టరు. మా గుంపులో ఇద్దరికి చలి కంటే అదే ఎక్కువ ఇబ్బందైంది.

పేరులోని ఆ 'కామన్' గురించి ఒక మాట. 1634లో బోస్టన్ ఊరివాళ్లు అందరి పశువులూ మేపుకోవడానికి కేటాయించుకున్న భూమి ఇది. సుమారు 50 ఎకరాలు. అమెరికాలో అన్నిటికంటే పాత పార్కు. మన రెవెన్యూ భాషలో చెప్పాలంటే ఊరి పోరంబోకు. ఆ మాట మనకు తిట్టు కూడా కదా, ఇల్లూవాకిలీ లేకుండా తిరిగేవాణ్ణి పోరంబోకు వెధవ అంటాం. ఎవరిదీ కాని నేల, ఎవరికీ కాని మనిషి, ఇద్దరికీ మన భాష ఒకే పేరు పెట్టింది. కామన్ కథీడ్రల్‌ను ఇంతకంటే బాగా తెలుగు చెయ్యలేను.

గుడి ఉండగా బయట ఎందుకంటే, నిజంగానే రోడ్డుకు అవతల ట్రెమాంట్ స్ట్రీట్‌లో సెయింట్ పాల్ కథీడ్రల్ ఉంది. ఎపిస్కోపల్ వాళ్లదే. తలుపులు మూసి ఉండవు. కానీ లోపలికి వెళ్లడమంటే ఏమిటో ఒకసారి బయట పడుకునే మనిషి వైపు నుంచి చూడండి. ఉన్న ఆస్తంతా చక్రాల బండిలోనో, నాలుగు సంచుల్లోనో ఉంటుంది. దాన్ని గుమ్మం దగ్గర వదిలితే తిరిగొచ్చేసరికి ఉండదు, లోపలికి తెస్తే అందరూ చూస్తారు. కుక్క ఉంటే దాని సంగతేమిటి? స్నానం చేసి ఎన్నాళ్లయిందో, పక్కవాళ్లు జరిగి కూర్చుంటారు. మధ్యలో నిద్రపడుతుంది, ఎందుకంటే రాత్రంతా నిద్రలేదు. మధ్యలో సిగరెట్‌కి లేవాలనిపిస్తుంది. గదిలో ఇవన్నీ తప్పులు. పార్కులో ఇవేవీ తప్పులు కావు. లేచి వెళ్లినవాడు వెళ్లినట్టే ఉండదు, నాలుగడుగుల దూరంలో నిలబడి వింటూ ఉంటాడు. గోడ లేనప్పుడు లోపల, బయట అనే మాటలే ఉండవు.

దీనికి పాత వంశం ఉంది. 1739లో ఇంగ్లండులో జార్జ్ విట్‌ఫీల్డ్ అనే బోధకుడు బ్రిస్టల్ దగ్గర బొగ్గుగని కూలీలకు ఆరుబయట ప్రసంగించాడు. వాళ్లు చర్చికి రారు, వస్తే రానిచ్చేవాళ్లూ లేరు. అతని సహచరుడు జాన్ వెస్లీ మొదట ఇది మర్యాద కాదనుకున్నాడు, కొన్ని వారాలకే తనూ ఆరుబయటికొచ్చాడు. మరుసటి ఏడాది విట్‌ఫీల్డ్ ఇదే బోస్టన్ కామన్‌లో వేలమందికి బోధించాడు. 1979 అక్టోబరు 1న పోప్ రెండో జాన్ పాల్ ఇక్కడే వానలో పూజ చేశాడు. అవి పెద్దసభలు, ఎవరో వచ్చి చెప్పి వెళ్లినవి. వారం వారం అదే చోట, అవే ముఖాలతో జరిగే సంఘం వేరు. టెక్సస్‌లోని వేకో పట్టణంలో జిమ్మీ డోరెల్ అనే పాస్టరు 1992లో ఐదుగురు నిరాశ్రయులతో బైబిలు చదవడం మొదలుపెడితే అది హైవే వంతెన కింద చర్చిగా పెరిగింది. పేరు కూడా చర్చ్ అండర్ ది బ్రిడ్జ్. పైన ట్రక్కులు, కింద పాటలు. 2019లో ఆ హైవే వెడల్పు పనులు మొదలైతే ఇల్లులేనివాళ్ల ఆ సంఘం మకాం మార్చాల్సొచ్చింది. చర్చి కూడా తన సభ్యుల లాగే ఖాళీ చేసింది.

ఇక ఆ నేల ఎవరిది అన్న ప్రశ్న. విలియం డేవిస్ అనే ప్రచారకుడు మేయరు అనుమతి లేకుండా బోస్టన్ కామన్‌లో ప్రసంగించాడని శిక్ష వేశారు. కేసు 1895లో మసాచుసెట్స్ ఉన్నత న్యాయస్థానానికి వెళ్లింది. తీర్పు రాసింది ఆలివర్ వెండెల్ హోమ్స్. ఒక ఇంటి యజమాని తన ఇంట్లో మాట్లాడొద్దని చెప్పడం ఎలాంటిదో, ప్రభుత్వం తన పార్కులో మాట్లాడొద్దనడం అలాంటిదే అన్నాడు. 1897లో అమెరికా సుప్రీంకోర్టు అవునంది. ఊరుమ్మడి భూమిని ఒకరి ఇల్లుగా మార్చేసిన తీర్పు అది. 1939లో అదే సుప్రీంకోర్టులో హేగ్ కేసులో ఆ ఆలోచన తిరగబడింది. వీధులూ పార్కులూ అనాదిగా జనం కూడుకోవడానికి, మాట్లాడుకోవడానికి ఉన్నవేనన్న వాదం అక్కడ నిలిచింది. ఈనాడు పార్కులో పాటలు పాడగలుగుతున్నామంటే ఆ మలుపే కారణం.

అయితే పాడే హక్కు వేరు, పడుకునే హక్కు వేరు. 2024 జూన్ 28న ఒరెగాన్ రాష్ట్రంలోని గ్రాంట్స్ పాస్ అనే ఊరి కేసులో సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా తీర్పిచ్చింది. ఆరుబయట పడుకున్నందుకు నగరాలు జరిమానా వెయ్యొచ్చు, అది రాజ్యాంగం వద్దన్న క్రూర శిక్ష కిందికి రాదు. షెల్టర్లలో మంచాలు ఖాళీ లేకపోయినా సరే. బోస్టన్ అంతకుముందు ఏడాదే, 2023 అక్టోబరులో, గుడారాలు తీసేయడానికి పోలీసులకు అధికారమిచ్చే నిబంధన తెచ్చింది. కాకపోతే ముందు షెల్టరులో చోటు చూపించాలి, సామాను దాచిపెట్టాలి అన్న షరతులున్నాయి. అంటే ఎర్ర టోపీ ఆయన ఒంటిగంటకు ఈ గడ్డి మీద నిలబడి రొట్టె పంచితే రాజ్యాంగం కాపలా కాస్తుంది. రాత్రికి అదే గడ్డి మీద గుడారం వేస్తే పోలీసు వచ్చి లేపుతాడు.

మధ్యలో మిగిలింది అన్నం. ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో 2014లో ఆర్నల్డ్ ఆబట్ అనే 90 ఏళ్ల పెద్దాయన మీద, ఇద్దరు పాస్టర్ల మీద బహిరంగంగా భోజనం పెట్టినందుకు కేసు పెట్టారు. అదే నగరంపై వేరేవాళ్లు వేసిన దావాలో 2018లో అప్పీలు కోర్టు, పార్కులో కలిసి తినడం కూడా ఒక మాట చెప్పడమేనని, దానికీ వాక్‌స్వేచ్ఛ రక్షణ ఉంటుందని అంది. ఒరెగాన్‌లోని బ్రూకింగ్స్‌లో ఓ చర్చి వారానికి రెండురోజులు మించి భోజనాలు పెట్టకూడదని నగరం ఆంక్ష పెడితే, 2024లో ఫెడరల్ జడ్జి చర్చి వైపే నిలిచాడు. వాళ్లకు వడ్డించడం ఆరాధనలో భాగమేనన్నది అక్కడ లెక్కలోకొచ్చింది. మన అన్నదానం చేసేవాళ్లకి ఇది కొత్త సంగతేం కాదు. కోర్టులకు తెలిసేసరికి కొంచెం ఆలస్యమైంది.

అసలు ముడి మూడో ప్రశ్నది. అన్నం పెట్టి ప్రార్థన చేయిస్తున్నారా? అమెరికాలో దీనికి పాత మచ్చ ఉంది. 1872లో న్యూయార్క్ వాటర్ స్ట్రీట్‌లో జెర్రీ మెకాలీ తెరిచిన ఆశ్రమంతో మొదలై దేశమంతా రెస్క్యూ మిషన్లు అనే చర్చి ఆశ్రమాలు వచ్చాయి. వాటిలో చాలాచోట్ల ముందు ప్రసంగం, తరువాత సూపు అనేది పద్ధతి. ఆకలితో ఉన్నవాడు వినక ఏం చేస్తాడు? 1996 నాటి సంక్షేమ చట్టం ప్రభుత్వ సొమ్ము తీసుకునే మతసంస్థలు ఆ సొమ్ముతో ప్రార్థన చేయించకూడదని, సాయం కోరినవాణ్ణి ప్రార్థనకు కూర్చోమని బలవంతపెట్టకూడదని గీత గీసింది. సొంత చందాలతో నడిచేవాళ్లకు ఆ గీత లేదు.

ఇది మా ఇంటి కథ కూడా. మా నాయనమ్మది ఒంగోలు దగ్గర పల్లె. అమెరికా నుంచి వచ్చిన బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర గురించి తన చిన్నతనంలో ముసలివాళ్లు చెప్పుకున్న మాటలు మాకు చెప్పేది. 1876-78 ధాత కరువులో జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలీ ఇప్పించాడు. ఎక్కువమంది మాదిగలు. తట్టా పారా పట్టుకుని పని చేసినవాళ్లకు మాట్లాడుకున్న కూలి. ఈ కథలో నాకు ముఖ్యమైంది తరువాతిది. కరువు ఉన్నన్నాళ్లూ, సుమారు ఏడాదికి పైగా, ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. అడిగినవాళ్లకు కూడా ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని. పని అయిపోయి, పంచడానికి ఏమీ మిగలని రోజులొచ్చాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది కూడా దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు వంతులేసుకుని.

ఆ జాగ్రత్త తీసుకున్నా "అన్నం పెట్టి మార్చారు" అనే మాట మా మీద నుంచి పోలేదు. నూటయాభై ఏళ్లవుతోంది. ఆ మాటలో మా పెద్దవాళ్లకు బుద్ధి లేదనీ, వాళ్లు ఏం ఎంచుకున్నా కడుపే ఎంచుకుందనీ ఒక అవమానం దాగి ఉంటుంది. విచిత్రం ఏమిటంటే, బోస్టన్ పార్కులో ఆ టోపీ ఆయన మీద నేను పడ్డ చిరాకు కూడా అచ్చం అదే. తీసుకునేవాడికి ఎంపిక ఏమిటన్న చిరాకు. క్లౌ దొరను పంపిన బాప్తిస్టు మిషన్ ముఖ్య కార్యాలయం ఆ రోజుల్లో ఇదే బోస్టన్‌లో ఉండేది. మా నాయనమ్మ వాళ్ల పూర్వీకుల లెక్కలు ఉత్తరాలుగా చేరింది ఈ ఊరికే.

కాబట్టి ఆరుబయట ఆరాధనను తూచడానికి నా దగ్గర ఒకటే తూకం రాయి ఉంది. శాండ్‌విచ్ తీసుకుని ఆరాధనకు నిలబడకుండా వెళ్లిపోయినవాణ్ణి వచ్చే ఆదివారం ఎవరైనా వేరుగా చూస్తారా? నేను వెళ్లినచోట భోజనం ముందు, ఆరాధన తరువాత. తిని వెళ్లిపోయినవాళ్లు సగానికి సగం. ఎవరూ లెక్కపెట్టలేదు. ఈ వరస తిరగేస్తే అంతా చెడుతుంది. ముందు ప్రార్థన, తరువాత పొట్లం అనే చోటికి మీ సంఘం వెళ్తుంటే, వెళ్లేముందు ఆ నిర్వాహకులతో మాట్లాడండి.

ఇంకో విమర్శ మాత్రం తేలిగ్గా తోసెయ్యలేం. పాటలతో ఇల్లొస్తుందా? 2024 జనవరిలో ఒక రాత్రి లెక్కలో అమెరికాలో 7,71,480 మంది నిరాశ్రయులున్నారు. అంతకుముందు ఏడాదికంటే 18 శాతం ఎక్కువ. వాళ్లకు కావలసింది అద్దె కట్టగలిగే గది. మందు మానితే, మందులు వేసుకుంటే, బుద్ధిగా ఉంటే అనే షరతులు లేకుండా ముందు ఇల్లివ్వడమే పనిచేస్తుందని 1992లో న్యూయార్క్‌లో సామ్ సెంబెరిస్ మొదలుపెట్టిన పద్ధతి చూపించింది. చర్చివాళ్లు ఆదివారం పాడి, సోమవారం తమ వీధిలో పేదల అపార్ట్‌మెంట్లు కట్టొద్దని నగర సభలో చెయ్యెత్తితే ఆ పాటకు విలువ లేదు. అలాంటివాళ్లు ఉన్నారు, మన తెలుగు కాలనీల్లో కూడా ఉన్నారు.

కానీ ఇల్లు దొరికినవాళ్లు కూడా ఆదివారం ఇక్కడికే వస్తున్నారు. నా పక్కన నిలబడ్డావిడకు గది వచ్చి రెండేళ్లయిందట. "గదిలో నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్లెవరు?" అంది. ఇది వట్టి భావుకత కాదు. బోస్టన్‌లో ఆరుబయట పడుకునే 445 మందిని 2000 నుంచి పదేళ్లు గమనించిన వైద్యుల అధ్యయనంలో 134 మంది చనిపోయారు. చనిపోయేనాటికి వాళ్ల సగటు వయసు 53. ఏటా డిసెంబరు 21న, పొద్దు అన్నిటికంటే తక్కువుండే రోజున, దేశంలోని చాలా ఊళ్లలో ఆ ఏడు పోయిన నిరాశ్రయుల పేర్లు చదువుతారు. పేరు చదవాలంటే ఎవరికైనా ఆ పేరు తెలిసి ఉండాలి. వలయంలో నిలబడే జనానికి అది తెలుస్తుంది.

వెళ్లాలనుకునేవాళ్లకు నేను దెబ్బతిని నేర్చుకున్నవి: ఫొటోలు తియ్యకండి, మా గుంపులో పెట్టినవి తరువాత తీసేశాను. ఎందుకిలా అయ్యారని ఎవరినీ అడక్కండి, మిమ్మల్ని అద్దె ఎంత కడుతున్నారని ఎవరూ అడగడం లేదు కదా. గ్లౌజులు వడ్డించేటప్పుడే, చెయ్యి కలిపేటప్పుడు తీసెయ్యండి. బట్టలు తేవాలనుకుంటే పాత చొక్కాలు కాదు, కొత్త సాక్సులు తీసుకెళ్లండి. తడిసిన సాక్సులతో పాదాలు పాడవుతాయి, ఉతుక్కోవడానికి చోటుండదు. నల్లవైతే మేలు.

మూడు వారాల తరువాత మళ్లీ వెళ్లాం. ఎర్ర టోపీ ఆయన వరసలో ఉన్నాడు. కూలరు పక్కనుంచి మస్టర్డ్ సీసా తీసి, కొంచెం గర్వంగానే, ఆయన ముందు పెట్టాను. సీసా తిప్పి చీటీ చదివాడు. "ఇది తేనె కలిపింది" అన్నాడు. "మామూలు పసుపుది దొరకలేదా?"